ఆటను తిట్టాం, జూదాన్ని వదిలేశాం

"ఈ గేములొచ్చి పిల్లల్ని నాశనం చేశాయండీ." ఈ మాట అనడానికి ఇప్పుడు ఎవరూ ఒక్క క్షణం ఆగరు. పెళ్లి భోజనాల దగ్గర, పేరెంట్స్ మీటింగులో, రైల్లో ఎదుటి బెర్తు ఆయన నోట, టీవీ చర్చలో అన్ని విషయాలూ తెలిసిన పెద్దమనిషి నోట ఒకటే వాక్యం. మార్కులు తగ్గినా గేములే కారణం. కళ్లజోడొచ్చినా, తల్లికి ఎదురు చెప్పినా, అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని నమలకుండా కూర్చున్నా గేములే. ఆవకాయలో నువ్వుల నూనె పొయ్యాలా వేరుశనగ నూనె పొయ్యాలా అన్న దగ్గర కూడా కుదరని ఏకాభిప్రాయం తెలుగువాళ్లకు ఈ ఒక్క విషయంలో కుదిరింది.

ఆ ఏకాభిప్రాయం తప్పు. అందులోనూ బాగా ఖరీదైన తప్పు. పిల్లాడి తెర మీద తుపాకీ బొమ్మ చూసి మనం గుండెలు బాదుకుంటున్న రోజుల్లోనే, పక్కగదిలో పెద్దవాళ్ల ఫోన్లలో పదమూడేసి ముక్కలు పంచే యాప్‌లు దర్జాగా కాపురం పెట్టాయి. మొదటిదానికి వ్యసనం అని పేరు పెట్టాం. రెండోదాన్ని 'స్కిల్ గేమ్' అని అమ్మేవాళ్లే చెబితే, కాబోలు అనుకున్నాం.

2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీ అనే తుపాకీ గేమును నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చి, ఫోన్లో అది ఆడుతూ దొరికిన కుర్రాళ్లను అరెస్టు చేశారు. పిల్లలకు బుద్ధొస్తుందని సంతోషించినవాళ్లే ఎక్కువ. మరుసటి ఏడాది సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీతో సహా 118 యాప్‌లను దేశమంతటా ఆపేసింది. చైనాతో సరిహద్దు గొడవ నడుస్తుండగా, దేశ భద్రత, డేటా అని కారణాలు చెప్పింది గానీ పిల్లల చదువుల ఊసు అందులో లేదు. అయినా మన ఇళ్లలో "చూశావా, గవర్నమెంటే ఆపేసింది" అని పిల్లల మీద గెలిచేశాం. అదే నెల 19న ఐపీఎల్ మొదలైంది. ఆ ఏడాది టైటిల్ స్పాన్సరు డ్రీమ్11. డబ్బు కట్టి టీములు ఎంచుకుని, గెలిస్తే డబ్బు పట్టుకెళ్లే వ్యాపారం. 2023 నుంచి 2025 ఆగస్టు దాకా భారత జట్టు చొక్కా మీద కూడా ఆ పేరే ఉండేది. తండ్రీకొడుకులు ఒకే సోఫాలో కూర్చుని ఆ మ్యాచీలు చూశారు. కొడుకు ఫోన్లో గేమ్ తీసేయించిన తండ్రికి ఆ చొక్కా మీది పేరు తప్పుగా కనిపించలేదు.

రమ్మీ ప్రకటనల సంగతి మరీ విడ్డూరం. ఈ ఆటలో ఆర్థిక నష్టానికి అవకాశముంది, అలవాటైపోవచ్చు, బాధ్యతగా ఆడండి అనే హెచ్చరిక వెయ్యాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2020 డిసెంబరు నుంచి నిబంధన పెట్టింది. ఆ హెచ్చరికను ఊపిరి తీసుకోకుండా చదివేసే గొంతులు మనందరికీ గుర్తే. సిగరెట్ పెట్టె మీద లాంటి హెచ్చరిక మోగుతున్నా, ఇది వ్యసనం అనే మాట మన నోట రాలేదు. ఆ మాటను పిల్లల కోసం దాచిపెట్టుకున్నాం.

ఈ 'స్కిల్' వాదం పుట్టింది మన ఊళ్లోనే కాబట్టి దాని సంగతి కొంచెం తీరిగ్గా చెప్పాలి. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటుండేది. అక్కడ డబ్బు పెట్టి రమ్మీ ఆడుతుండగా పోలీసులు దాడి చేశారు. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1968 నాటి తీర్పుగా వకీళ్లు ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తుంటారు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని కోర్టు అంది. అర్ధ శతాబ్దం తర్వాత వచ్చిన రమ్మీ కంపెనీలన్నీ ఈ మాటను తాయెత్తులా కట్టుకుని తిరిగాయి.

అదే తీర్పులో ఉన్న ఇంకో మాటను మాత్రం వాళ్లెవరూ ప్రకటనల్లో వేసుకోలేదు. ఆట నడిపించే ఇంటివాడో, క్లబ్బువాడో పందేల మీద లాభం తీసుకుంటున్నట్టు సాక్ష్యముంటే నేరం నిలబడవచ్చు అని కూడా అక్కడే ఉంది. క్లబ్బు పేకలకు అదనంగా తీసుకునే రుసుమును అలాంటి లాభంగా కోర్టు చూడలేదు, అంతే. మరి యాప్ బతికింది దేని మీద? బల్ల మీదికొచ్చిన ప్రతి పందెంలోంచి కోసుకున్న కమీషన్ మీద. పగలనక రాత్రనక లక్షల బల్లలు ఒకేసారి వేసి, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా తన వాటా తాను తీసుకునే ఇంటివాణ్ణి ఆనాటి న్యాయమూర్తులు ఊహించి ఉండరు. ఊహించినంత మేరకు హెచ్చరించారు. మనం సగం తీర్పే చదివాం.

రమ్మీలో నైపుణ్యం లేదని నేననను. ఎదుటివాడు ముక్క పడేసిన తీరుబట్టి వాడి చేతిలో ఏముందో చెప్పేసే పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. కోడిపందెంలో మాత్రం నైపుణ్యం లేదా? డేగా కాకీ నెమలీ అని రంగులు చూడటం, ఏ రంగు కోడిని ఏ పూట ఏ దిక్కునుంచి దింపాలో లెక్క కట్టడం, నెలల తరబడి బాదం పప్పు పెట్టి మేపడం, వీటన్నిటికీ కుక్కుటశాస్త్రం అని పేరు పెట్టి మరీ గౌరవించుకున్నాం. అంతమాత్రాన భీమవరం బరిలో చేతులు మారే డబ్బు పందెం డబ్బు కాకుండా పోతుందా? మాయాద్యూతంలో శకునిదీ నైపుణ్యమే. ధర్మరాజుకు ఆ వాదన ఏం ఒరగబెట్టింది?

పైగా నైపుణ్యం ఉందనే నమ్మకమే మనిషిని ఎక్కువ ముంచుతుంది. అంతా లక్కు అనుకున్నవాడు నాలుగుసార్లు పోగొట్టుకుని లేచిపోతాడు. నా తెలివితేటలకు ఇది దక్కాల్సిందే, ఇందాక ఒక్క ముక్క తప్పు పడేశాను అంతే అనుకునేవాడు తెల్లారేదాకా కూర్చుంటాడు. ఎదుటివాడి ముఖం కనిపించదు, పేకలు కలిపే చెయ్యి కనిపించదు, జేబులోంచి నోటు తీస్తున్న స్పర్శ కూడా ఉండదు. యూపీఐ పిన్ నాలుగో ఆరో అంకెలు, అంతే.

తెలంగాణ ఈ సంగతి కొంత ముందే గ్రహించి 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చింది. ఆడేవాళ్లు లొకేషన్ మార్చి చూపించే యాప్‌లు వేసుకుని ఆడారు. తమిళనాడు, కర్ణాటక చేసిన ఇలాంటి చట్టాలను ఆ రాష్ట్రాల హైకోర్టులు 2021లో, 2022లో కొట్టేశాయి. అక్కడ కంపెనీలు పట్టుకెళ్లింది కూడా నైపుణ్యం వాదమే. ఈలోగా 2023 అక్టోబరు నుంచి కేంద్రం ఆటగాళ్లు కట్టే పూర్తి డబ్బు మీద 28 శాతం జీఎస్టీ వసూలు చేసింది. పన్ను కట్టే వ్యాపారం కాబట్టి మర్యాదస్తుల వ్యాపారమే అని జనం అనుకుంటే తప్పు జనానిదేనా?

చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. అంత వేగంగా చేసిన చట్టం మీద నాకూ కొన్ని అనుమానాలున్నాయి గానీ, అది చేసిన ఒక పని మెచ్చుకోదగ్గది. నైపుణ్యమా అదృష్టమా అనే గొడవను పక్కకు తోసేసింది. డబ్బు కట్టి, డబ్బు ఆశించి ఆడేదైతే అది మనీ గేమ్, నడపకూడదు, ప్రచారం చెయ్యకూడదు. పోటీగా ఆడే ఈస్పోర్ట్స్ వేరు, సరదాగా ఆడే సోషల్ గేములు వేరు, వాటిని ప్రోత్సహిస్తాం అని కూడా చెప్పింది. ఆడినవాణ్ణి శిక్షించలేదు, నడిపినవాడికి మూడేళ్ల దాకా జైలు పెట్టింది. అంటే పార్లమెంటుకు కూడా కనిపించిన గీత మన డ్రాయింగురూముల్లో ఇంకా కనిపించడం లేదు. "గేములన్నీ బ్యాన్ చేశారట, పీడా పోయింది" అన్నవాళ్లను నేను బోలెడుమందిని విన్నాను.

ఇక పిల్లల దగ్గరికి వద్దాం. తుపాకీ గేములు ఆడితే తుపాకులు పడతారు అనేది వాదాల్లోకెల్లా పాతది. ఆండ్రూ ష్రిబిల్‌స్కీ, నెట్టా వైన్‌స్టైన్ అనే పరిశోధకులు 2019లో బ్రిటిష్ కౌమార పిల్లల మీద చేసిన అధ్యయనంలో హింస ఉన్న గేములు ఆడటానికీ, వాళ్ల దురుసు ప్రవర్తనకూ సంబంధం కనబడలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో ఇంకొంచెం జాగ్రత్తగా మాట్లాడింది. అరవడం, తొయ్యడం లాంటి చిన్నపాటి దురుసుతనంతో కొంత సంబంధముంది గానీ, హింసాకాండకు గేములను కారణంగా చూపడం శాస్త్రీయం కాదని తేల్చింది. మన టీవీ చర్చలు ఈ రెండో సగాన్ని కూడా, సికింద్రాబాద్ క్లబ్బు కేసు తీర్పులోలాగే, ఎప్పుడూ చదవలేదు.

"ప్రపంచ ఆరోగ్య సంస్థే దాన్ని జబ్బు అంది కదా" అనేవాళ్లున్నారు. అంది. 2022 జనవరి నుంచి అమల్లోకొచ్చిన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. కానీ ఆ నిర్వచనంలో రోజుకిన్ని గంటలు దాటితే జబ్బు అని ఎక్కడా లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితమంతా దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు సాగడం ఉండాలి. సెలవుల్లో మధ్యాహ్నమంతా ఫోన్ పట్టుకున్న ప్రతి పిల్లాడికీ ఆ పేరు తగిలిస్తే, నిజంగా ఆ స్థితిలో ఉన్న పిల్లాడు గుంపులో కనిపించకుండా పోతాడు. వాడికి కావలసింది డాక్టరు. వాడికి దొరికేది నాన్న ఫోన్ నేలకేసి కొట్టడం.

గంటల లెక్కతోనే నాకు పేచీ. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో చదరంగంలో 2800 రేటింగు అందుకున్నాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు. ఈ తరం చదరంగం ఆటగాళ్లు గంటలకు గంటలు తెర ముందే గడుపుతారు. 2025లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో, షూటింగు గేముల పక్కనే, చదరంగాన్నీ ఒక ఆటగా చేర్చారు. అర్జున్ అక్కడ నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ గంటలను మనం సాధన అన్నాం. పక్కింటి కుర్రాడు ర్యాంక్ కోసం స్క్వాడ్‌తో కూడి మ్యాపు బట్టీపట్టి ఆడే గంటలను తగలేసిన గంటలు అన్నాం. వాడు అర్జున్ అంతటివాడు కాకపోవచ్చు, చదరంగం ఆడే పిల్లల్లో కూడా అందరూ అర్జున్లు కారు. గంటలను లెక్కపెట్టి ఏ ఆటకైనా గుణదోషాలు కట్టలేం అని మాత్రమే నేను చెప్పేది. గంటలు పట్టుకుని చట్టం చేసిన దక్షిణ కొరియా 2011 నుంచి పదహారేళ్లలోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరుదాకా కంప్యూటర్ గేములు మూసేసింది. పిల్లలు మొబైల్‌కు మారారు. పదేళ్ల తర్వాత ఆ చట్టాన్ని ఆ దేశమే ఎత్తేసింది.

అలాగని గేములన్నీ పుణ్యక్షేత్రాలని నేను వాదించబోవడం లేదు. ఒకప్పుడు మధుబాబు రాసిన షాడో నవలలు చదివితే పాడైపోతారన్నారు, ఇదీ అంతే అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లతో కూడా నాకు కుదరదు. మధుబాబు నవల మూసేశాక అది మళ్లీ పిలవదు. ఈరోజు రాకపోతే ఏడు రోజుల బహుమతి పోతుందని బెదిరించదు. ఫోన్లో ఉచితంగా దొరికే గేముల్లో చాలావాటి బతుకుతెరువే ఆ పిలుపు.

ఆ తంతు చూడండి. రూపాయలతో నేరుగా ఏదీ కొననివ్వరు. ముందు ఆ గేములో మాత్రమే చెల్లే డైమండ్లో, యూసీనో కొనాలి. అప్పుడే రూపాయి విలువ మసకబారుతుంది. వాటితో స్పిన్ తిప్పాలి, లేదా క్రేట్ తెరవాలి. కావలసిన తుపాకీ రంగు వస్తుందో రాదో తెలియదు. ముల్లు దాని పక్కదాకా వచ్చి ఆగుతుంది. ఎప్పుడొస్తుందో తెలియని గింజ కోసం పావురం బిళ్లను ముక్కుతో పొడుస్తూనే ఉంటుందని అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దశాబ్దాల కిందటే చూపించాడు. ప్రతిసారీ గింజ దొరికితే పావురం కడుపు నిండి ఊరుకుంటుంది. ఎప్పుడో ఒకప్పుడు దొరికితేనే వదలదు. ఈ క్రేట్లను లూట్ బాక్సులంటారు. బెల్జియం 2018లో వీటిని జూదంగానే తేల్చింది. చైనా 2017లోనే ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో బయటపెట్టమంది. మన 2025 చట్టంలో వీటిని పేరుపెట్టి చెప్పిన మాట లేదు. పదేళ్ల పిల్లాడికి స్పిన్ తిప్పడం నేర్పిన వ్యాపారం, ఇరవై ఏళ్లొచ్చాక బెట్టింగ్ యాప్‌కు తయారైన మనిషిని అప్పజెబుతుందని నా భయం.

ఒక పిల్లాడు మైన్‌క్రాఫ్ట్‌లో నాలుగు గంటలు కూర్చుని కోట కట్టాడు. ఇంకొకడు పది నిమిషాల్లో అమ్మ ఫోన్ పే నుంచి మూడుసార్లు టాప్-అప్ చేసి స్పిన్ తిప్పాడు. మన ఇళ్లలో తిట్లు పడేది మొదటివాడికి, గంటలు ఎక్కువ కాబట్టి. రెండోవాడు తొందరగా ఫోన్ ఇచ్చేశాడు, బుద్ధిమంతుడు.

ఫోన్ పక్కనపెట్టి బయటికెళ్లి ఆడుకోమంటారు. ఎక్కడ? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. చట్టం 2009 నాటిది. అపార్టుమెంటు లాంటి భవనాల్లో మూడో అంతస్తులో నడిచే బడులను ఈ దేశంలో కొత్తగా ఎవరికీ చూపించనక్కర్లేదు. ఎనిమిదో తరగతి దాటితే ఆ చట్టం కూడా వర్తించదు, ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజామున లేపి రాత్రి పదిదాకా స్టడీ అవర్లు. కాలనీలో మిగిలిన ఒక్క ఖాళీ జాగాలో కార్లు పెట్టుకున్నాం. గల్లీ క్రికెట్ బంతి తగిలి అద్దం పగిలితే అసోసియేషన్ మీటింగు పెడతాం. నలుగురు స్నేహితులు కలిసి ఆడుకోవడానికి పిల్లలకు మిగిలిన మైదానం సర్వర్లో ఉంది. అక్కడే కలుస్తున్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అరుస్తున్నది పిచ్చిపట్టి కాదు, అవతల క్లాస్‌మేట్లున్నారు.

నిద్ర పోతోంది, నిజమే. కళ్లు దెబ్బతింటున్నాయి, కొంత నిజం. ఆ రెండిటికీ ఆట ఎంత కారణమో రీల్సూ అంతే, ఐఐటీ కోచింగూ అంతే, రాత్రి పదకొండున్నరదాకా సాగే ఐపీఎల్లూ అంతే. వాటి మీద ఈ కోపం ఎప్పుడైనా చూశారా?

కోపం అంతా పిల్లల మీద ఖర్చైపోవడం వల్ల పెద్దల మీద చూపాల్సినప్పుడు మిగల్లేదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని హైదరాబాద్‌లో సినిమా తారల మీదా యూట్యూబర్ల మీదా పోలీసులు కేసులు పెట్టారు. నాలుగు రోజులు వార్తలొచ్చాయి. ఆ తర్వాత మళ్లీ వాళ్ల సినిమాలకు వెళ్లాం. ప్రతి సంక్రాంతికీ కోర్టు ఆదేశాలున్నా గోదావరి జిల్లాల్లో బరులు లేస్తాయి, పక్కనే గుండాట బల్లలు వేస్తారు. పెద్దమనుషులు వచ్చి ఫొటోలు దిగుతారు, పిల్లలు పక్కనే నిలబడి చూస్తుంటారు. అది సంప్రదాయం. పండక్కి ఊరొచ్చిన మనవడు ఫోన్లో గేమ్ ఆడితే మాత్రం సంస్కృతికి దెబ్బ. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ ఏళ్లపాటు హైదరాబాద్‌లో జరిగింది. గేములు తయారుచేసే ఉద్యోగం మనవాడికొస్తే స్వీట్లు పంచుతాం. ఆ గేమ్ ఎవరు ఆడితే జీతం వస్తుందో ఆలోచించం.

ఆన్‌లైన్ మనీ గేముల వల్ల ఏటా 20,000 కోట్ల రూపాయలకు పైగా జనం నష్టపోయారని చట్టం తెచ్చేటప్పుడు కేంద్రమే అంచనా చెప్పింది. ఆ డబ్బు పబ్‌జీ ఆడి పోయింది కాదు. బళ్లో జీతం కట్టాల్సిన డబ్బు, పొలం మీద తెచ్చిన డబ్బు, క్రెడిట్ కార్డు మీద గీకిన డబ్బు, స్కిల్ ఉందని నమ్మిన పెద్దవాళ్ల డబ్బు.

కాబట్టి ఈ రాత్రి పిల్లాడి ఫోన్ చేతికి తీసుకునేవాళ్లకు నా మనవి ఒక్కటే. స్క్రీన్ టైమ్ ఎన్ని గంటలో తర్వాత చూడండి. ముందు అందులో ఏ ఆటలో డబ్బు పెట్టాడో, ఎన్నిసార్లు పెట్టాడో, స్పిన్ అనేది ఏమిటో వాణ్ణే అడిగి తెలుసుకోండి. వాడు చెప్పాక, మీ ఫోన్లోని యూపీఐ స్టేట్‌మెంట్ తెరిచి వాడికి కూడా చూపించండి.